అర్జీ వేరు, ఉత్తరం వేరు



హాస్టల్ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థులు రాసేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి నీళ్ళచారు జ్ఞాపకాలు, రెండోది కష్టపడి చదవండి అనే సలహాలు. ఆ రెండూ మీరు చాలాసార్లు చదివారు. ఈసారి మేము ఒక చిన్న పని గురించి రాయదలిచాం. నవల రాసినవాడు దాన్ని సంపాదకుడికో, ప్రచురణకర్తకో, పోటీ పెట్టినవాళ్ళకో పంపేటప్పుడు పైన ఒక ఉత్తరం జతచేస్తాడు కదా. ఆ ఉత్తరం గురించి, అందులోనూ మొదటి పేరా గురించి. ఐదు వాక్యాలకు ఇంత వ్యాసమా అనుకోకండి. ఆ ఐదు వాక్యాల కోసం మేము ఐదుగురం మూడు ఆదివారాలు కూర్చున్నాం. కూర్చున్నందుకు మాకు నవల కంటే పెద్ద విషయం ఒకటి అర్థమైంది.

మా ఐదుగురిలో ఒకడు నవల రాశాడు. ఎవరో చెప్పం. పోటీకి పంపిన రాతప్రతి మీద రచయిత పేరు ఉండకూడదని నిబంధన, ఫలితాలు ఇంకా రాలేదు. వాడు ఇప్పుడు ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. పగలు పత్తి బేళ్ళ లెక్క, రాత్రి నవల. నాలుగేళ్ళలో ఆరు లాంగ్ నోటుబుక్కులు నింపాడు. మిగతావాళ్ళలో ఒకడు స్కూలు టీచరు, ఒకడు మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో పని చేస్తాడు, ఒకడు కోర్టు దగ్గర డాక్యుమెంట్లు రాస్తాడు, ఒకడు అమెరికాలో డాలస్‌లో ఉన్నాడు, ఫోనులో కలుస్తాడు. అందరం పదో తరగతి దాకా ఇక్కడే చదివాం.

నవల కథ మీ అందరికీ తెలిసిన కథే. సంక్రాంతి దాటాక మిరప కోతలు మొదలవుతాయి. హాస్టల్ హాజరు పట్టీలో కొందరి పేర్లకు ఎదురుగా వరసగా సున్నాలు పడతాయి. పిల్లలు ఏమయ్యారంటే ముఠాతో కోతలకు పోయారు. అలా పోయిన ఒక పిల్లాడి కథ అది. వాడి పేరు ఏసోబు అనుకోండి. ముఠాలో చదువొచ్చినవాడు వాడొక్కడే కాబట్టి కాటా దగ్గర కూలి లెక్క రాసే పని మేస్త్రీ వాడికిస్తాడు. ఆ లెక్కలో మోసం ఉంది. అక్కణ్ణుంచి నవల నడుస్తుంది.

పంపే గడువు నెల రోజులుంది. మొదటి ఆదివారం మా మిత్రుడు ఉత్తరం చిత్తుప్రతి తెచ్చాడు. అందులో మొదటి పేరా ఇలా ఉంది:

"గౌరవనీయులైన సంపాదకులు గారి దివ్య సముఖమునకు, నిరుపేద వ్యవసాయ కూలీ కుటుంబమున జన్మించి, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ వసతి గృహమున చదువుకున్న తమ విధేయుడు వ్రాసుకొను విన్నపము ఏమనగా, నాకు చిన్నతనము నుండి సాహిత్యమనిన ఎనలేని అభిమానము. తమరు దయతో ఈ నా చిన్ని ప్రయత్నమును ఆదరించి, తప్పులున్న మన్నించి, ప్రోత్సహింప ప్రార్థన."

చదవడం అయ్యాక ఎవరం నవ్వలేదు. ఆ పేరా మా అందరికీ కంఠతా వచ్చు. మూడో తరగతిలో హాస్టల్లో చేరినప్పుడు నాయన వేలిముద్ర పైన ఎవరో రాసిపెట్టింది ఆ పేరానే. కుల ధ్రువీకరణ పత్రానికి అదే, ఆదాయ ధ్రువీకరణ పత్రానికి అదే, స్కాలర్‌షిప్పుకు అదే. దుప్పట్లు రాలేదని పై అధికారికి పెట్టుకున్న అర్జీలో అదే. సంతకాలు మారాయి, తేదీలు మారాయి, పేరా మారలేదు. మనకు లేనిది ఏమిటో ముందు చెప్పాలి, ఎంత లేదో చెప్పాలి, ఆ తర్వాత చేతులు కట్టుకోవాలి. మన రాతలో మొదటి పేరా అంటే అదే అని మన వేళ్ళకు అలవాటైపోయింది.

దాన్ని మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. అది మనకు అన్నం పెట్టిన పేరా. అర్జీకి అర్జీ పద్ధతి ఉంటుంది. ప్రభుత్వం ఒక సౌకర్యం ఇస్తానంటుంది, దానికి ఎవరు అర్హులో చెబుతుంది, మనం అర్హులమని నిరూపించుకుంటాం. అక్కడ పేదరికం చెప్పడం సిగ్గుపడే పని కాదు, అది అర్హత. కానీ నవలతో పంపే ఉత్తరం వేరు. అర్జీలో మనం అడుగుతాం. ఈ ఉత్తరంలో మనం ఇస్తున్నాం. సంపాదకుడికి చదవదగ్గ నవల కావాలి. మన దగ్గర ఉంది. ఆ మాట ఒంటికి పట్టడానికి మాకు మొదటి ఆదివారం మొత్తం పట్టింది.

ఈ ఉత్తరాల సంగతి కొంచెం చెబుతాం. మన తెలుగులో ఇది కొత్తది కాదు. వారపత్రికలు బాగా నడిచిన రోజుల్లో ప్రతి రచయితా రాతప్రతితో పాటు ఉత్తరం, హామీపత్రం, స్టాంపులు అంటించిన తిరుగు కవరు పెట్టేవాడు. కాగితానికి ఒకవైపే రాయాలి. హామీపత్రంలో ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాయాలి. ఈనాడు వాళ్ళ 'చతుర' 1978లో మొదలై నెలకో నవల చొప్పున వేసేది. మా హాస్టల్ రోజుల్లో పాత కాగితాల కొట్టులో కొనుక్కున్న చతురలు చేతులు మారి మారి అట్టలూడిపోయేవి. 2021లో అది ఆగిపోయింది. ఇప్పుడు కొత్తవాడికి మిగిలిన దారులు పోటీలు, చిన్న ప్రచురణ సంస్థలు, లేదంటే సొంత డబ్బుతో అచ్చు. ప్రవాస తెలుగువాళ్ళ తానా సంస్థ పెట్టే నవలల పోటీ నుంచి మంచి నవలలు వచ్చాయి. బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'కి 2017లో ఆ బహుమతి వచ్చింది, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం' 2019లో ఆ బహుమతి పొంది, 2021లో సినిమాగా కూడా వచ్చింది.

అమెరికా, ఇంగ్లండుల్లో పద్ధతి ఇంకో రకం. అక్కడి పెద్ద ప్రచురణ సంస్థల్లో చాలా వాటికి రచయిత నేరుగా పంపకూడదు. మధ్యలో సాహిత్య ఏజెంటు ఉంటాడు. ముందు ఏజెంటుకు ఒక ఉత్తరం రాయాలి. దాన్ని క్వెరీ లెటర్ అంటారు. ఒక పేజీ దాటకూడదు, మూడు వందల మాటలు అటూ ఇటూ. అందులో నవల దేని గురించో, ఎన్ని మాటలుందో, ఏ కోవకు చెందినదో, రాసింది ఎవరో చెప్పాలి. ఏజెంటుకు నచ్చితే కొన్ని అధ్యాయాలు అడుగుతాడు, తర్వాత మొత్తం అడుగుతాడు. పుస్తకం అమ్ముడుపోతే మామూలుగా నూటికి పదిహేను కమీషన్ తీసుకుంటాడు. చదివిపెట్టడానికి ముందే డబ్బు అడిగేవాడు సరైన ఏజెంటు కాదని అక్కడివాళ్ళే హెచ్చరిస్తారు. డాలస్ మిత్రుడు ఇదంతా తెలుసుకుని చెప్పాడు. "ఒరేయ్, వాళ్ళకి రోజూ ఇలాంటివి కట్టలు కట్టలు వస్తాయంట. మొదటి పేరాలో పట్టుకోకపోతే రెండో పేరాకి రారంట" అన్నాడు.

మిర్చి యార్డు మిత్రుడికి అది వెంటనే అర్థమైంది. "మచ్చు" అన్నాడు.

నిజమే. గుంటూరు యార్డులో వ్యాపారి టిక్కీలన్నీ విప్పి చూడడు. ఒక టిక్కీలో చెయ్యిపెట్టి గుప్పెడు కాయ తీస్తాడు. రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంతుందో చూస్తాడు. ఆ గుప్పెడుతోనే రైతు ఏడాది కష్టానికి ధర పడుతుంది. అది న్యాయమా అంటే వేరే సంగతి. యార్డులో పద్ధతి అది. అందుకని తెలివైన రైతు ఏం చేస్తాడు? సంచి మూతి దగ్గర ఎర్రకాయ పేర్చి లోపల తాలు పెట్టడు. వ్యాపారి చెయ్యి లోపలికే పోతుంది. సంచి అంతా ఎలా ఉందో గుప్పెడూ అలాగే ఉండేటట్టు గ్రేడింగ్ చేసి తెస్తాడు. మొదటి పేరా కూడా అంతే. నవలలో లేని వెలుగు పేరాలో పెడితే రెండో అధ్యాయంలో దొరికిపోతాం. నవలలో ఉన్నది పేరాలో లేకపోతే రెండో అధ్యాయం దాకా ఎవరూ రారు.

రెండో ఆదివారానికి టీచరు మిత్రుడు ఒక పేరా రాసుకొచ్చాడు. "నేటి ఆధునిక సమాజంలో మానవతా విలువలు అడుగంటిపోతున్న తరుణంలో, శ్రమదోపిడీని కళ్ళకు కట్టినట్టు చిత్రించిన అద్భుత నవల" అని మొదలైంది. ఆగస్టు పదిహేను ఉపన్యాసం పోటీలో వాడికి మూడేళ్ళు వరసగా మొదటి బహుమతి స్టీలు గ్లాసు వచ్చింది, ఆ గొంతే ఇది. వినడానికి బాగుంది. కానీ ఇందులో ఏసోబు ఎక్కడ? ఈ పేరా తీసి ఏ నవల మీద పెట్టినా సరిపోతుంది. ఎవరికైనా సరిపోయే చొక్కా ఎవరిదీ కాదు. పైగా అద్భుతమో కాదో చెప్పాల్సింది చదివినవాడు, పంపినవాడు కాదు.

డాక్యుమెంట్లు రాసే మిత్రుడి పేరా ఇంకోలా ఉంది. వాడికి హద్దులు స్పష్టంగా రాయడం వృత్తి. ముఠాలో ఎవరెవరున్నారు, మేస్త్రీ ఏ ఊరివాడు, రైతు ఎవరి కొడుకు, అడ్వాన్సు ఎంత, అన్నీ రాశాడు. ఒక పేరాలో పదకొండు పేర్లు వచ్చాయి. ఒక్క అబద్ధం లేదు, కానీ చదివినవాడికి ఎవరి వెంట నడవాలో తెలియదు. కొత్త ఊళ్ళో బస్సు దిగినవాడికి పదకొండు మంది ఒకేసారి ఎదురొచ్చి పేర్లు చెబితే ఒక్క పేరూ గుర్తుండదు. ఒకడే వచ్చి చెయ్యి పట్టుకుంటే వాడి వెంట పోతాడు.

డాలస్ మిత్రుడు ఒక ప్రశ్న పంపాడు: "మిరపకాయ ఘాటు మీకు తెలుసు, దాన్ని కోసిన చేతుల మంట మీకు తెలుసా?" ఇది అందరికీ నచ్చింది. కొంతసేపు ఇదే ఖాయం అనుకున్నాం. తర్వాత నవల రాసిన మిత్రుడే వద్దన్నాడు. "వాళ్ళకి తెలుసో తెలీదో నాకెట్లా తెలుసు? ఆ ఉత్తరం తెరిచేవాడి అమ్మ కూడా కోతలకు పోయిందేమో. మొదటి వాక్యంలోనే ఆయన్ని బోనులో నిలబెట్టడం ఎందుకు?" అన్నాడు. మేము ఒప్పుకున్నాం.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వినుకొండ పేరు ఎలా వచ్చిందంటే, చరిత్రకారులు కొందరు విష్ణుకుండినుల పేరుతో ముడిపెడతారు. పెద్దవాళ్ళు చెప్పే కథ వేరు. సీతను రావణుడు ఎత్తుకుపోయిన సంగతి రాముడు విన్న చోటు కాబట్టి ఇది విన్నకొండ, అదే వినుకొండ అయిందంటారు. చెప్పింది జటాయువు. రెక్కలు తెగి పడి ఉన్నాడు, ప్రాణం పోతోంది. తన కష్టం చెప్పుకోవాలంటే అంతకంటే పెద్ద కష్టం ఎవరికుంటుంది? కానీ రెక్కలు తెగిన సంగతి రాముడికి కనబడుతూనే ఉంది. కనబడనిది సీత జాడ. ఎవరు తీసుకుపోయారు, ఎటు పోయారు, అదే చెప్పాడు. వినేవాడికి కావలసినది ముందు చెప్పాడు కాబట్టే కథ ముందుకు నడిచింది. మన కొండ పేరులోనే వినడం ఉంది. వినిపించడం ఎలాగో కూడా ఆ కథలోనే ఉంది.

రెండో పాఠం కూడా మన ఊరిదే. గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబరు 28న ఇక్కడ పుట్టారు. ఆయన 'గబ్బిలం' 1941లో వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో పద్యాలు అందరం బట్టీపట్టాం గానీ, అది ఒక సందేశమని, అంటే ఒక రకంగా ఉత్తరమని, ఈ పని మీద కూర్చున్నప్పుడే గట్టిగా తట్టింది. కాళిదాసు 'మేఘసందేశం'లో యక్షుడు మేఘం చేత భార్యకు కబురు పంపుతాడు. జాషువా గారి కావ్యంలో గుడిలోకి రానివ్వని ఒక దక్షిణాది అంటరానివాడు కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపుతాడు. ఎవరి చేత పంపాలి? మనిషికి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది, అది గుళ్ళోనే వేలాడుతుంది. పూజారి లేని సమయం చూసి శివుడి చెవి దగ్గర చెప్పమంటాడు. ఎవరికి చెప్పాలో తెలుసు, ఎవరు చేరగలరో తెలుసు, ఎప్పుడు చెప్పాలో తెలుసు. ఆకలి ఉంది, కన్నీళ్ళు ఉన్నాయి, కానీ దయచూపమని కాళ్ళు పట్టుకోవడం కాదు అది, లెక్క అడగడం. ఈ ఊళ్ళో పుట్టినవాడు అంత నిటారుగా సందేశం రాస్తే, అదే ఊళ్ళో చదివిన మనం ఒక సంపాదకుడికి వంగి వంగి ఎందుకు రాయాలి?

మూడో ఆదివారం పని తేలింది. టీచరు మిత్రుడు నల్లబల్ల మీద నాలుగు ప్రశ్నలు రాశాడు. కథ ఎవరిది? వాడికి ఏం కావాలి? అడ్డం ఏమిటి? ఎటు నడిచినా పోయేది ఏమిటి? పరీక్ష కోసం ముందు మాకు తెలిసిన నవలల మీద ప్రయోగించాం. మీరు కూడా చేసి చూడండి, మంచి ఆట.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' 1922లో వచ్చింది. ఉన్నవ గారు మన జిల్లా మనిషి, పల్నాడు అడవి సత్యాగ్రహంలో జైలుకు పోయినవాడు. నవల జైల్లో రాశారు, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రెండు సంపుటాల పుస్తకం. నాలుగు ప్రశ్నలూ వేస్తే ఇలా వచ్చింది: "మాలపల్లిలో రామదాసు ధర్మంగా బతకాలనుకున్న మనిషి. పెద్దరైతు చౌదరయ్య చేతిలో ఒక కొడుకు సంగదాసు ప్రాణం పోతుంది. ఇంకో కొడుకు వెంకటదాసు తిరగబడి దారిదోపిడీలకు దిగుతాడు. ధర్మం తప్పకుండా ఉంటే పిల్లలు దక్కరు, పిల్లల దారి పడితే ధర్మం దక్కదు." అంత పుస్తకం ఇంతలో ఇమిడింది. జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. అందులో ఎన్నెలదిన్ని నుంచి మొదలై ఎన్నో తరాల మనుషులున్నారు. అయినా పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉంది. రూతు అనే వృద్ధురాలు గుర్తుచేసుకుంటూ ఉంటుంది. ఆమెతో మొదలుపెడితే చాలు, మిగతా అందరూ ఆమె వెనకాలే వస్తారు. 'కొండపొలం' అయితే ఇంకా సులువు. ఇంటర్వ్యూల్లో నోరు పెగలని ఇంజనీరింగు కుర్రాడు కరువుకాలంలో గొర్రెల వెంట నల్లమల ఎక్కుతాడు. ఆ ఒక్క వాక్యానికే తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపిస్తుంది.

అప్పుడు ఏసోబు దగ్గరికి వచ్చాం. రాసి, కొట్టేసి, గట్టిగా చదివి, మళ్ళీ కొట్టేసి, సాయంత్రానికి ఇది మిగిలింది:

"పదమూడేళ్ళ ఏసోబు మిరప కోతల ముఠాలో చదువొచ్చిన ఒకే ఒక్కడు. కాటా దగ్గర కూలి లెక్క రాసే పని మేస్త్రీ వాడికి అప్పగిస్తాడు. కాటా చూపే బరువుకూ తనచేత రాయించే బరువుకూ మధ్య క్వింటాలుకు నాలుగు కిలోలు మాయమవుతున్నాయని మూడో వారానికి వాడికి తెలిసిపోతుంది. బయటపెడితే, అడ్వాన్సు ముందే తినేసిన ఇరవై రెండు కుటుంబాలకు ఆ సీజను పని పోతుంది. ఊరుకుంటే, తన తల్లి కోసిన కాయలోంచి ఆ నాలుగు కిలోలు ప్రతి సాయంత్రం వాడే తన చేతిరాతతో తగ్గించాలి."

ఇందులో అద్భుతం అనే మాట లేదు. దోపిడీ అనే మాట కూడా లేదు. నాలుగు కిలోలు అని ఉంది. డాక్యుమెంట్ల మిత్రుడి స్పష్టత ఉంది, టీచరు మిత్రుడి కోపం ఉంది, డాలస్ మిత్రుడి మంట కూడా తల్లి చేతుల్లో ఉంది. ముగింపు మాత్రం చెప్పలేదు. ఏసోబు ఏం చేశాడో తెలియాలంటే నవల తెరవాలి.

ఆ తర్వాత పెద్ద గొడవ ఒకటి మిగిలింది. హాస్టల్ మాట రాయాలా, వద్దా? మాలో ఇద్దరు వద్దన్నారు. "రాస్తే జాలిపడి చదువుతారు, లేదా అదొక కోవ అని పక్కన పెడతారు. రెండూ మనకొద్దు" అన్నారు. ఇద్దరు రాయాలన్నారు. "దాచిపెట్టడం కూడా ఒక రకంగా వంగడమే" అన్నారు. చాలాసేపు వాదన జరిగింది. పాత సంగతులు వచ్చాయి. ఒక ఆఫీసులో సర్టిఫికెట్టు కోసం నాలుగుసార్లు తిప్పించి, "మీ వాళ్ళకేం, అన్నీ ఊరికే వస్తాయి" అన్న మాట మాలో ఒకడు ఇరవై ఏళ్ళుగా మోస్తున్నాడని ఆ రోజే మాకు తెలిసింది.

తేల్చింది నవల రాసిన మిత్రుడే. హాస్టల్ మాట మొదటి పేరాలో ఉండదు, మూడో పేరాలో ఉంటుంది అన్నాడు. మొదటి పేరా ఏసోబుది. రెండో పేరాలో నవల పేరు, ఎన్ని పేజీలు, ఏ కాలంలో నడుస్తుంది. మూడో పేరాలో రాసింది ఎవరు. అక్కడ ఇలా రాశాడు: "ఈ నవల జరిగే పొలాల్లో నేను ఏడు సీజన్లు మిరపకాయలు కోశాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకుంటూ ముఠా లెక్కలు రాశాను. కాటా ఎలా మొగ్గుతుందో నాకు తెలుసు." చూడండి, అదే హాస్టల్, అదే కూలి. మొదటి చిత్తులో అది దయ కోసం చాచిన చెయ్యి. ఇక్కడ అది ఈ కథ రాయడానికి కావలసిన అనుభవం. డాక్టరు తన డిగ్రీ పేరు పక్కన రాసుకున్నట్టే ఇది. మాట మారలేదు, స్థలం మారింది, దాంతో బరువు మారింది.

ఇంగ్లీషులో రాసినవాళ్ళ సంగతీ ఇదే. కాజీపేటలో పుట్టి కాకినాడలో పెరిగిన గిడ్ల సుజాత గారు న్యూయార్కు సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ తన కుటుంబం కథ 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' రాశారు. 2017లో అక్కడి పేరున్న ప్రచురణ సంస్థ ఫరార్, స్ట్రాస్ అండ్ జిరూ దాన్ని వేసింది. మనవాళ్ళ కథ అంత దూరం పోగలదు. 'అంటరాని వసంతం' కూడా ఇంగ్లీషులోకి పోయింది. తిరిగొచ్చిన కవరును చూసి కుంగిపోవాల్సిన పని కూడా లేదు. హారీ పాటర్ మొదటి పుస్తకాన్ని పన్నెండు మంది ప్రచురణకర్తలు కాదన్నాకే 1997లో బ్లూమ్స్‌బరీ అచ్చువేసింది. మంచి పేరా రాస్తే నవల తప్పకుండా అచ్చవుతుందని మేము చెప్పడం లేదు. మంచి పేరా చేసేది ఒక్కటే, తలుపు దగ్గర మన మనిషిని నిటారుగా నిలబెడుతుంది. లోపలికి పిలవడం, పిలవకపోవడం ఇంటివాళ్ళ చేతిలో ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో నవల రాసేవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్ళకు ఇది ఎందుకంటారా? రేపు మీరు ఉద్యోగానికి ఉత్తరం రాస్తారు. ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పు" అంటారు. కాలేజీలో సీటుకు, బ్యాంకులో అప్పుకు, పత్రికకు, పంచాయితీకి రాస్తారు. రాసే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది అర్జీయా, ఉత్తరమా అని అడగండి. అర్జీ అయితే అర్హత చెప్పండి, తలవంచకుండా చెప్పండి, అది మన హక్కు. ఉత్తరం అయితే మీ దగ్గర ఉన్నదాన్ని ముందు పెట్టండి. లేనిదాని జాబితా ఎవరూ అడగనిదే ఇవ్వకండి.

ఒక మాట ఇచ్చి ముగిస్తాం. ప్రతి నెలా రెండో ఆదివారం మాలో కనీసం ఇద్దరం హాస్టల్ చదువుల గదిలో సాయంత్రం నాలుగింటికి ఉంటాం. కథో, నవలో, ఉద్యోగం ఉత్తరమో, ఏదైనా సరే, మొదటి పేరా పట్టుకురండి. నాలుగు ప్రశ్నలూ కలిసి వేద్దాం. ఎర్రకలంతో దిద్దం, పక్కన కూర్చుని చదువుతాం. ఎనిమిదో తరగతి చెల్లెలు ఒకామె ఇప్పటికే ఒక పేరా పంపింది. "మా అమ్మ పత్తి తీసేటప్పుడు పాట మధ్యలో ఆపేస్తుంది, ఎందుకో ఎప్పుడూ చెప్పదు" అని మొదలుపెట్టింది. తర్వాత ఏమైందో మాకు తెలియాలి. త్వరగా రాయమ్మా.

— పూర్వ విద్యార్థులు, వినుకొండ